నేలకేసి తీసిన ఫోటోకు తల ఎటు?

చెరువుల పనిలోకి కొత్తగా వచ్చే ఇంజనీర్లకు ఇప్పుడు ట్రైనింగులో ఏం నేర్పుతున్నారో నాకు తెలుసు. యాప్ ఎలా తెరవాలో, ఫోటో ఎలా ఎక్కించాలో, ఎక్కించిన ఫోటో పక్కన పచ్చ టిక్కు పడిందో లేదో ఎలా చూసుకోవాలో నేర్పుతున్నారు. టిక్కు పడితే పని అయిపోయినట్టే. చెరువు ఏమైందని అడిగేవాడు ఉండడు.

ఇరిగేషన్ శాఖలో నా సర్వీసంతా ఉదయగిరి, మర్రిపాడు, అనంతసాగరం, ఆత్మకూరుల మధ్య కట్టల మీదే గడిచింది. ఎప్పుడు ప్రమోషన్ వచ్చిందో, ఎవరు ఎక్కడికి బదిలీ అయ్యారో రాసి మీ టైము తినను. నేను రాయబోయేది ఫోటోల సంగతి. ఒక ఫోటో పక్కకు తిరగడం వల్ల ఒక చెరువు తెగిపోయింది. చెబితే చాలామంది నవ్వుతారు. నాకు మాత్రం ఇప్పటికీ నవ్వు రాదు, ఒళ్లు మండుతుంది.

ఎడమ కాలి చెప్పు

నా మొదటి ఆఫీసరు ఖాదర్ సాహెబు గారు. ఉదయగిరి మనిషి. నేను చేరేనాటికే ఆయన చెరువుల మీద తల నెరిసి ఉన్నాడు. అవి ఫిల్ము కెమెరా రోజులు. ఆఫీసు బీరువాలో ఒక కెమెరా ఉండేది, దాన్ని ఆయన తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. కట్ట మీద ఎక్కడైనా బీట కనిపిస్తే ఆయన ముందు ఎడమ కాలి చెప్పు విడిచేవాడు. దాన్ని బీట పక్కన, ముక్కు నీళ్ల వైపు ఉండేలా పెట్టేవాడు. అప్పుడు వంగి ఫోటో తీసేవాడు. తీసినంతసేపూ ఎండకు కాలిన మట్టి మీద ఒంటికాలితో గెంతుతూ ఉండేవాడు.

మొదటిసారి చూసినప్పుడు ఉండబట్టలేక అడిగాను, చెప్పు ఎందుకు సార్ అని.

"ఏందబ్బయా, నేలకి తలా కాళ్లా ఉండాయా?" అన్నాడు. "మనిషి ఫోటో ఎట్ల తిప్పి ఇచ్చినా తల చూసి సరిగా పట్టుకుంటావు. చెట్టయితే కొమ్మలు చూస్తావు. మట్టిని చూసి ఏం పట్టుకుంటావు? ఎటు తిప్పితే అటే నిజమనిపిస్తాది. ఈ బీట నీళ్లకేసి పోయిందా, కట్ట పొడుగునా పోయిందా, నెల్లూర్లో ఫ్యాను కింద కూర్చున్నోడికి ఎట్ల తెలుస్తాది?"

"మరి కుడి చెప్పు పెట్టినా అంతే కదా సార్?"

దానికి ఆయన ఒక సంగతి చెప్పాడు. ఒకప్పుడు ఒక చెరువు కలుజు దగ్గర, అంటే నిండిన నీళ్లు పొర్లిపోయే చోట, కుడి వైపు రెక్క గోడ పడిపోయిందట. రాతపూర్వకంగా కుడి గోడ అని రాసి, ఫోటో జతచేసి పంపాడు. స్టూడియోవాడు ఫిల్మును తిరగేసి ప్రింటు వేశాడు. ఫోటోలో ఎడమ గోడ పడినట్టు వచ్చింది. పై ఆఫీసు ఆయన రాసింది కొట్టేసి ఫోటోను నమ్మింది. కూలీలు వచ్చి బాగున్న గోడను రాయి రాయి విప్పారు. అప్పటినుంచి ఎప్పుడూ ఎడమ చెప్పే పెట్టేవాడు. ప్రింటులో కుడి చెప్పు కనిపించిందంటే ఫోటో తిరగబడిందని అర్థం.

కాబట్టి పాతకాలంలో అన్నీ సక్రమంగా జరిగాయని నేను చెప్పడం లేదు. ఖాదర్ సాహెబు గారు దేవుడూ కాదు. మధ్యాహ్నం మూడయినా అన్నానికి వదిలేవాడు కాదు. నేను గీసిన బొమ్మ నచ్చకపోతే చించి చెరువులో వేశాడు. కాని ఆయన దగ్గర నేర్చుకున్నది ఒక్కటి చాలు. కట్ట పొడుగునా పోయే బీట చాలావరకు ఎండకు పడ్డది, కనిపెట్టి చూసుకోవాలి గాని దానికి కొంత వ్యవధి ఉంటుంది. కట్టకు అడ్డంగా, నీళ్ల వైపు నుంచి పొలాల వైపుకు పోయే బీటకు వ్యవధి లేదు. అది నీళ్లకు మనం తెరిచిపెట్టిన దారి. అందులో సున్నం నీళ్లు పోసి, పక్కన గుంట తవ్వి, తెల్లగా ఎంత లోతుకు దిగిందో చూసి, అంతవరకూ తవ్వి కొత్త బంకమట్టి నింపి, గట్టిపడేలా దిమ్మిస కొట్టించాలి. వానకు ముందే చేయాలి. ఇందులో పెద్ద చదువేమీ లేదు.

ఫోను చేసే ఊహ

తర్వాత డిజిటల్ కెమెరాలు వచ్చాయి, ఆ తర్వాత అందరి చేతికీ ఫోన్లు వచ్చాయి. ఫోన్ లోపల భూమి ఎటు ఉందో కనిపెట్టే చిన్న పరికరం ఉంటుంది. ఫోను నిలువుగా పట్టుకున్నామా అడ్డంగా పట్టుకున్నామా దాన్ని బట్టి తెలుసుకుంటుంది. అయితే చాలా ఫోన్లు ఫోటోను అప్పుడే తిప్పి దాచవు. "దీన్ని ఇటు తిప్పి చూపించు" అని ఫోటో లోపల మనకు కనిపించని చీటీ ఒకటి రాసి పెడతాయి. ఆ చీటీని కొన్ని కంప్యూటర్లు చదువుతాయి, కొన్ని పట్టించుకోవు. ఇంకొన్ని మహా తెలివైనవి ఫోటోను తిప్పేసి చీటీని చెరపడం మర్చిపోతాయి, ఆ తర్వాత తెరిచిన చోట అది ఇంకోసారి తిరుగుతుంది.

ఇంటి గోడనో, మనిషినో తీసినంతవరకు దీనివల్ల పెద్ద నష్టం లేదు. పక్కకు పడిన మనిషిని చూసి ఎవడైనా సరిచేస్తాడు. చిక్కంతా ఫోనును నేలకేసి పట్టుకున్నప్పుడు. అప్పుడు భూమి ఫోను వెనక వైపు ఉంటుంది. ఏ అంచు పైది, ఏ అంచు కిందిది అని తేల్చడానికి దానికి ఆధారం లేదు. అంతకుముందు ఎలా పట్టుకున్నామో అదే అనుకుంటుంది, లేదా చేయి కాస్త వణికినా ఇంకోలా అనుకుంటుంది. ఊహించి రాస్తుంది, కాని ఊహించానని చెప్పదు. నాకు తెలియదు అని చెప్పే మీట దానికి పెట్టలేదు. అలాంటి మీట లేని ఆఫీసర్లను కూడా నేను చాలామందిని చూశాను, వాళ్ల సంగతికే వస్తున్నాను.

మా పనిలో సగం ఫోటోలు నేలకేసి తీసేవే. బీటలు, బుంగలు, తూము మూత, కట్ట మీద పేర్చిన రాళ్లు. అందుకే ఫోన్లు వచ్చాక కూడా నేను చెప్పు మానలేదు.

సార్ పక్కకు పడుకున్న రోజు

రిటైర్మెంటుకు దగ్గర పడ్డాక నాకు వచ్చిన పై ఆఫీసరు పేరు రాయను. సార్ అందాం, ఆయనకు ఆ పిలుపంటేనే ఇష్టం. డెల్టా వైపు నుంచి వచ్చాడు. తెల్ల చొక్కా నలగకుండా రోజంతా ఉండగలిగిన మనిషి. జీపు పోయినంతవరకు కట్ట చూసేవాడు. జీపు ఆగిన చోట ఆయన తనిఖీ కూడా ఆగేది. ఆ తర్వాతదంతా ఫోటోల్లోనే.

ఒకసారి నెల్లూరులో రివ్యూ మీటింగు. గోడంత తెర. ఒక్కో ఆఫీసు వాళ్ల పని ఫోటోలు వేస్తున్నారు. మా వంతు వచ్చింది. సార్ కట్ట మీద నిలబడి చేయి చాపి ఏదో చూపిస్తున్న ఫోటో. ఫోటోలోని చీటీని ఆ కంప్యూటరు పట్టించుకోలేదు. సార్ గోడకు కరుచుకున్న బల్లిలా పక్కకు పడి ఉన్నాడు, చేయి ఆకాశం కేసి ఉంది. వెనక వరసలో ఎవరో "పాపం, అలిసిపోయినట్టున్నారు" అన్నారు. హాలంతా నవ్వింది. సార్ కూడా నవ్వాడు, కాని చెవులు ఎర్రబడ్డాయి.

జీపులో ఆత్మకూరు ఆఫీసుకు తిరిగొచ్చాం. మర్నాడు పొద్దున అందర్నీ పిలిచాడు.

"ఇకమీదట మన ఆఫీసు నుంచి పోయే ఫోటో ఒక్కటి కూడా పక్కకి పడుకోకూడదు. అన్నీ ఒకే సైజు, అన్నీ అడ్డంగా, చూడ్డానికి నీట్‌గా ఉండాలి. అడ్డం వచ్చే చెత్తా చెదారం కూడా తీసేయండి. అర్థమైందా?"

మా కంప్యూటర్ ఆపరేటర్ సునీత కాంట్రాక్టు మీద పనిచేసే పిల్ల. ఇలాంటి ఆజ్ఞ విన్నాక ఏం చేస్తుంది? ఫోటోలన్నిటినీ ఒకేసారి తిప్పి సరిచేసే సాఫ్ట్‌వేర్ ఒకటి వెతికి పెట్టుకుంది. ఒక్క నొక్కుతో అన్నీ నిటారుగా అయ్యేవి. సార్ ఆమెను మెచ్చుకున్నాడు. నా మీద మాత్రం ఆ రోజే విరుచుకుపడ్డాడు. పాత రిపోర్టులు తిరగేస్తుంటే నా చెప్పు కనిపించింది.

"ఏంటయ్యా ఇది? పైవాళ్లు చూసే ఫైల్లో నీ చెప్పు పెడతావా?"

"దిక్కు తెలియడానికి సార్. ముక్కు ఎటు ఉంటే నీళ్లు అటు."

"రేపు ఇదే నెల్లూరు తెర మీద పడితే? అంత పెద్ద చెప్పు అందరి మొహాల మీద! నన్ను తన్నినట్టు ఉండదూ?"

ఇది మన దేశంలో మాత్రమే వచ్చే సమస్య. చెప్పు కాలికి ఉంటే మర్యాద, ఫోటోలో ఉంటే అవమానం. కట్ట తెగితే అవమానం కాదు. నేను వాదించాను. ఆయన వినలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

సరే, చెప్పు వద్దంటే ఇంకేదో ఒకటి ఉండాలి కదా. ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కే ఒకాయన నాకు తెలుసు. ఆయన దగ్గర పొడుగు కాడ ఉన్న గరిటె ఒకటి తీసుకున్నాను. బీట పక్కన కాడ నీళ్ల వైపు పెట్టి ఫోటో తీయడం మొదలుపెట్టాను. మా ఆఫీసులో నన్ను కొన్నాళ్లు వంటమేస్త్రీ అని పిలిచారు. పిలవనీ అనుకున్నాను.

తూము పక్కన బీట

మర్రిపాడు మండలంలో లోపలికి పోతే బొమ్మరాయి చెరువు అని ఉంది. ఏళ్ల తరబడి నిండని చెరువు. దాని కింద పొలాలన్నీ బీళ్లుపడి, రైతులు సగం మంది గొర్రెల వెంట పోయారు. మరమ్మతు అని చెప్పి అంతకుముందు ఒక కాంట్రాక్టరు పొక్లెయిన్‌తో కట్ట మీద మట్టి పోసి వెళ్లాడు. నీళ్లు చల్లలేదు, దిమ్మిస కొట్టలేదు. పాత రాతి తూము కదలకుండా ఉంది, దాని పక్కన పోసిన కొత్త మట్టి కుంగింది. రెండిటి మధ్యా బీట పడింది. కట్టకు అడ్డంగా, ఈ వాలు నుంచి ఆ వాలుకు.

ఎండాకాలంలో పోయి చూశాను. చీపురు పుల్ల దింపితే మొత్తం దిగింది. గరిటె పెట్టి ఫోటోలు తీశాను. యాప్‌లో ఎక్కించాను. రిమార్కుల గడిలో "తూము పక్కన కట్టకు అడ్డ బీట, వానకు ముందే తవ్వి సరిచేయాలి" అని రాశాను. సార్‌తో నోటితో కూడా చెప్పాను.

"చూద్దాం, లిస్టులో పెడతాం" అన్నాడు.

ఆ ఏడు వానలు ముందే మొదలయ్యాయి. పైనుంచి వంకలు పారి చెరువులోకి నీళ్లు రావడం మొదలైంది. ఊళ్లో వాళ్ల మొహాలు చూడాలి. చిన్నపిల్లలు చెరువులో నీళ్లు చూడటం అదే మొదటిసారి. ఆ ఊళ్లో పెంచలయ్య అని ఒక గొర్రెల కాపరి ఉన్నాడు. తూముకు ఎదురుగా వాళ్ల నాయన వదిలిన పొలం ఉంది. మంద వెనక బద్వేలు దాకా తిరిగి తిరిగి విసిగిపోయాడు. భార్య రమణమ్మకు మోకాళ్ల నొప్పులు. మందను అమ్మేసి వరి పెట్టి, ఇక ఇంటి పట్టున ఉండాలని వాళ్లిద్దరి ఆశ. నేను కట్ట మీదికి వచ్చానని తెలిసి నా దగ్గరికి వచ్చాడు.

"సార్, ఒక మాట అడగాల. ఈ కట్ట నిలబడతాదా?"

"తూము దగ్గర బీట ఉంది పెంచలయ్యా. రాసి పంపాను. లిస్టులో ఉందన్నారు, పెద్ద వానలకు ముందు చేస్తారు."

"చేస్తారు గదా?"

"చేస్తారు."

"అయితే జీవాలు అమ్మేస్తా సార్. ఇట్టా రెండు పడవల మీద కాళ్లు పెట్టుకోని ఎన్నాళ్లుంటాం. మీరు చెప్పినారు, సాలు."

అంత మాట అన్నాక నాకు మనసు నిలవలేదు. ఆఫీసుకు వచ్చి మళ్లీ గుర్తు చేశాను. లిస్టులో ఉందన్నారు. ఇంకోసారి అడిగాను. లిస్టులో ఉందన్నారు. ఏ లిస్టు అని అడిగితే సార్‌కు కోపం వచ్చింది. పెంచలయ్య జీవాలను సంతకు తోలాడు. ఒక్కదాన్ని కూడా మిగుల్చుకోలేదు. ఆ డబ్బంతా దున్నకానికి, విత్తనానికి, ఎరువుకు పెట్టాడు. నారు పోశాడు. చెరువు నిండుతూనే ఉంది. వాళ్ల నారుమడి నేను చూశాను. అంత పచ్చదనం ఆ మెట్ట మీద నేను ఎప్పుడూ చూడలేదు, నిజంగా కడుపు నిండింది.

గండి

నాట్లు పడ్డాక, కార్తీకంలో వాయుగుండం పట్టుకుంది. వాన తెరిపి ఇవ్వలేదు. చెరువు కలుజు అంచుకు వచ్చిందని పెంచలయ్య పొద్దున్నే ఫోన్ చేశాడు. నేను బయల్దేరుతూ సార్‌కు ఫోన్ చేశాను. పొక్లెయిన్, ఇసుక బస్తాలు వెంటనే కావాలన్నాను.

"ఏ చెరువు? బొమ్మరాయా? ఆగు, చూస్తాను." రిపోర్టు తిరగేసి మళ్లీ మాట్లాడాడు. "అది పొడుగు బీటేగా, ఎండ బీట. వచ్చే ఏడు లిస్టులో ఉంది. నువ్వు ఊరికే కంగారు పడుతున్నావు."

"పొడుగు బీట కాదు సార్, అడ్డ బీట. నేను కళ్లతో చూశాను. చేతితో కొలిచాను."

"ఫోటో నా ముందే ఉందయ్యా. స్పష్టంగా పొడుగునా ఉంది. ఫోటో అబద్ధం చెబుతుందా?"

అంటే నేను అబద్ధం చెబుతున్నానని. ముప్పై ఏళ్లకు పైగా కట్టల మీద నడిచిన నా కాళ్లకన్నా ఆయన టేబుల్ మీద కాగితం నిజం. ఫోన్ పెట్టేసి వెళ్లాను.

ఊరంతా కట్ట మీదే ఉంది. బస్తాలు దొరక్క ఎరువు సంచుల్లో, చీరల్లో మట్టి మూట కట్టి తెస్తున్నారు. రమణమ్మ మోకాళ్లు పట్టుకుంటూనే మోస్తోంది. తూము పక్కన, పొలాల వైపు వాలులో, సన్నగా నీళ్లు ఊరుతున్నాయి. తేటగా వస్తున్నంతసేపు నాకు కాస్త ధైర్యం ఉంది. తర్వాత నీళ్లు బురద రంగుకు తిరిగాయి. బురద నీళ్లు వచ్చాయంటే లోపల మట్టి కదిలిందని అర్థం, ఇక మనుషులు ఆ చోట ఉండకూడదు. అందర్నీ దిగిపొమ్మని అరిచాను. దిగారు. పెంచలయ్య దిగలేదు.

"ఇంకో నాలుగు మూటలు ఏస్తే నిలబడతాది సార్!"

"నిలబడదు, రా!"

"నా మడి సార్, ఎదురుగా నా మడే!"

చేయి పట్టుకుని ఈడ్చుకొచ్చాను. కొట్టినంత పని చేశాను. మేము పక్కకు వచ్చేసరికి ఆ చోట కట్ట లోపలికి కూర్చుండిపోయింది, తర్వాత నీళ్లు దాన్ని తోసుకుని పోయాయి. ఆ శబ్దం గురించి రాయడం నాకు చేతకాదు.

ప్రాణనష్టం లేదు. పేపర్లో కూడా అదే రాశారు, ప్రాణనష్టం లేదని. ఏళ్ల తర్వాత నిండిన చెరువు మధ్యాహ్నానికి ఖాళీ అయింది. పొలాలను నీళ్లు ముంచి పోతే రైతు మళ్లీ లేస్తాడు. కాని గండి నీళ్లు ఇసుక తెస్తాయి. పెంచలయ్య మడి మీద మోకాలి ఎత్తు ఇసుక మేట వేసింది. నాటిన పైరు ఎక్కడుందో కూడా కనబడలేదు. రమణమ్మ ఇసుక మీద కూర్చుని చేత్తో తవ్వుతోంది. ఎందుకు తవ్వుతోందో ఆమెకూ తెలియదు.

మూడు చోట్ల మూడు రకాలు

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మావాళ్లకు బాగా వచ్చు. విచారణకు బయటి నుంచి ఒక పెద్ద ఆఫీసరు వచ్చాడు. మర్యాదస్తుడు. రిపోర్టు తెరిచి, "మీరు పంపిన ఫోటోలో బీట కట్ట పొడుగునా ఉంది కదా?" అని నన్ను అడిగాడు. ఫోటో కింద ఇంగ్లీషులో అలాగే రాసి ఉంది. ఆ రాత నాది కాదు. ఫోటో చూసి పై ఆఫీసులో రాసుకున్నది.

నా ఫోను తీసి అదే ఫోటో చూపించాను. అందులో బీట అడ్డంగా ఉంది. యాప్‌లో ఎక్కించిన ఆ అసలు ఫోటోనే ఆఫీసు కంప్యూటర్లో తెరిపించాను. అక్కడ పొడుగునా ఉంది. ఆయన తన సొంత లాప్‌టాప్‌లో తెరిచాడు. అక్కడ ఇంకో వైపుకు తిరిగింది. ఒకే ఫోటో. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇందులో ఏది నిజం?"

"ఏదైనా ఒకటే సార్. గరిటె చూడండి. దాని కాడ నీళ్ల వైపు పెట్టి తీశాను. మీరు ఎటు తిప్పినా బీట గరిటె వెంబడే పోతోంది. అంటే నీళ్ల వైపుకే పోయింది. అడ్డ బీట."

ఆయన మూడు చోట్లా చూసి తల ఊపాడు. తర్వాత రిపోర్టులో అచ్చయిన ఫోటో చూశాడు. అందులో గరిటె లేదు.

సునీతను పిలిచారు. ఆ పిల్ల వచ్చేటప్పుడే ఏడుస్తోంది. "అడ్డం వచ్చే సామాన్లు తీసేయమన్నారు సార్, గరిటె ఉండాదని ఆ పక్క కట్ చేసినాను. తర్వాత అన్నీ సెలెక్ట్ చేసి ఒకటే నొక్కినాను. అది అట్ట తిప్పతాదని నాకేం తెలుసు సార్?"

ఆమెను నేను ఒక్క మాట కూడా అనలేదు, ఇప్పుడూ అనను. చెప్పిన పని చెప్పినట్టు చేసింది. మరి రిమార్కుల్లో అడ్డ బీట అని రాశాను కదా అంటే, రిమార్కుల గడి రిపోర్టులో అచ్చు కాదట. పేజీ నీట్‌గా ఉండటం లేదని దాన్ని ఎవరో తీసేశారట. ఎవరో తేలలేదు. తిలా పాపం తలా పిడికెడు.

సార్ మాత్రం తొణకలేదు. "టెక్నికల్ ఎర్రర్ సార్" అన్నాడు. ఆ మాట నాకు ఒంటికి కారం రాసినట్టు తగిలింది. యంత్రానికి తెలియక తిప్పింది, ఒప్పుకుంటాను. కాని ఎండాకాలం నుంచి కార్తీకం దాకా ఆ ఫోటో ఆయన దగ్గర ఉంది. ఆత్మకూరు నుంచి ఆ కట్ట ఎంత దూరమని? ఒక్కసారి పోయి నిలబడితే బీట ఎటుందో ఫోను చెప్పక్కర్లేదు, కాలే చెబుతుంది. ఆయన పోలేదు. నేను పోయి చూసి వచ్చి చెబితే నమ్మలేదు. ఒక అవమానం జరిగింది కాబట్టి ఫోటోలన్నీ నిటారుగా ఉండాలన్నాడు, అవి నిజం చెబుతున్నాయో లేదో ఆయనకు అక్కర్లేదు. దీన్ని నేను టెక్నికల్ ఎర్రర్ అనను. బుద్ధి తప్పు అంటాను.

విచారణ ఏం తేల్చిందో మీరే ఊహించగలరు. అసాధారణ వర్షం వల్ల గండి పడిందని రాశారు. వాన వచ్చి సంజాయిషీ ఇవ్వదు కదా. సార్‌ను ఇంకా మంచి చోటుకు బదిలీ చేశారు. క్షేత్రస్థాయి సిబ్బంది ఫోటోలు సరిగా తీయడం నేర్చుకోవాలని ఒక సలహా కూడా రాశారు. దాని ప్రకారం రిటైరయ్యే ముందు నన్ను ట్రైనింగుకు పంపారు. ఫోను ఎలా పట్టుకోవాలో నాకు ఒక రోజంతా నేర్పారు. భోజనం బాగుంది.

కొత్తగా వచ్చే మీకు నేను చెప్పేది ఇదే. ఫోటోలో చెప్పో, గరిటో, మీ సొంత చేయో, ఏదో ఒకటి పెట్టండి, తిట్టినా పెట్టండి. ఎక్కించిన తర్వాత రిపోర్టు అచ్చయి వచ్చేదాకా వదలకండి, అందులో మీ బీట ఎటు ఉందో మీ కళ్లతో చూడండి. ఇవన్నీ చేసినా, కట్టకు పోని ఆఫీసరు మీకు దొరికితే ఏమవుతుందో నాకు తెలియదు. మంచి మందు ఉందని అబద్ధం చెప్పలేను.

ఆత్మకూరు బస్టాండులో

రిటైరయ్యాక ఒకరోజు ఆత్మకూరు బస్టాండులో పెంచలయ్య కనిపించాడు. బాగా నలుపెక్కాడు. భుజాన కంబళి ఉంది. ఇప్పుడు ఇంకొకరి మందకు జీతానికి పోతున్నాడట. రమణమ్మ కూతురి దగ్గర ఉందట. ఇసుక ఎత్తించడానికి తాహతు లేక మడి అలాగే ఉంది. గండి కూడా అలాగే ఉంది.

నన్ను చూసి మొహం తిప్పుకుంటాడనుకున్నాను. ఎదురు వచ్చి నమస్కారం పెట్టాడు. ఏదో ఒకటి చెప్పాలి కదా అని ఆ ఫోటో ఎలా తిరిగిందో, ఎవరు కత్తిరించారో చెప్పడం మొదలుపెట్టాను. ఎక్కడో మధ్యలో ఆపేశాడు.

"మీరు రాసినారని నాకు తెలుసు సార్. ఊళ్లో అందరికీ తెలుసు. ఫోటో సంగతి నాకెందుకు?" అన్నాడు. కోపం లేదు గొంతులో, అది ఉన్నా బాగుండేది. "రాసిన మీకు ఏం కాలా. పోయి చూడని ఆ సార్‌కీ ఏం కాలా. నమ్మిన నాకే అయింది."

బద్వేలు బస్సుకు ఇంకా టైముందని చెప్పి, నా మోచేయి పట్టుకుని పక్కనున్న కొట్టుకు తీసుకుపోయాడు. ఇద్దరం నిలబడి టీ తాగాం. వాన గురించి రెండు మాటలు మాట్లాడుకున్నాం. నేను జేబులో చేయి పెట్టబోతే గట్టిగా పట్టుకుని ఆపి, డబ్బులు ఆయనే ఇచ్చాడు.